కుంభకర్ణుణ్ణి లేపొద్దు

ప్రొద్దుటూరు,
27 సెప్టెంబరు 1995

చిన్నమ్మీ,

పిల్లలిద్దరూ చేరారు. ముందు ఈ మాట చదువుకుని కాస్త నెమ్మదించు. మీ బావ బస్టాండుకు పోయేసరికి పులివెందుల బస్సు ఖాళీ అయిపోయిందట. కండక్టరు ఎంత చెప్పినా తిరుపాలు సీటు వదల్లేదట. ఆరేళ్ళ పిల్ల, నాలుగేళ్ళ తమ్ముణ్ణి కిటికీకి దూరంగా కూర్చోబెట్టి, సంచి మీద కాళ్ళు పెట్టుకుని, "మా పెద్దనాయన కరెంటాఫీసులో పని చేస్తాడు, ఆయప్ప వస్తేనే దిగుతా" అని కండక్టరుకే ఎదురు చెప్పిందట. దీనికి అచ్చంగా నీ నోరే వచ్చింది.

రంగడు మొదటి రోజంతా నాతో మాట్లాడలేదు. నిన్న ఎగ్జిబిషనుకు తీసుకుపోయాక నోరు విప్పాడు. దసరాకు మా ఊరి సందడి నీకు కొత్త కాదు గానీ, ఈ ఏడు రామాయణ లోకమని పెద్ద సెట్టింగు వేశారు. వెదుర్లు, గోనెపట్టలు, పైన సున్నమూ రంగులూ. లోపలికి పోవాలంటే సురస నోట్లోంచి పోవాలి. బంగారు లేడి తీగ మీద పరుగెత్తుతుంది, గుహుడి పడవ నిజంగానే నీళ్ళలో ఊగుతుంది.

చిన్నపిల్లలను తిప్పడానికి ఒక పద్ధతుంది. అన్నం పెట్టి, నిద్ర తీర్చి, ఎండ దిగాక బయలుదేరాలి. పోగానే రంగులరాట్నం ఎక్కించకూడదు. ఎక్కించామా, ఇంక దేన్నీ చూడరు. ముందు చూసేవి, తర్వాత ఎక్కేవి, చివర తినేవి. చేతిసంచిలో తడిగుడ్డ, ఉడకబెట్టిన శనక్కాయలు, ఇంకో నిక్కరు తప్పకుండా ఉండాలి. మా పిల్లలను ఇట్లాగే తిప్పి పెద్ద చేశాను. నీ పిల్లల దగ్గర నా పద్ధతి సురస వాకిలి కూడా దాటలేదు.

తిరుపాలు ఆ నోటి ముందు నిలబడి, "ఇంగో దోవ యాడుంది పెద్దమ్మా?" అంది. బయటికి వచ్చే దారి చూస్తే గానీ లోపలికి రాదట. సెట్టింగు నడిపే మహబూబ్ బాషా మంచివాడు. విసుక్కోకుండా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి వెనక తలుపు చూపించి తీసుకొచ్చాడు. అప్పుడు వచ్చింది.

లోపల ఒక గదినిండా కుంభకర్ణుడు పడుకుని ఉన్నాడు. మోటారు పెట్టారు, పొట్ట లేస్తుంది, దిగుతుంది. మైకులో గురక. పిల్లలకు తప్పెటలూ కర్రలూ ఇస్తారు. అందరూ కలిసి వాయిస్తే ఆయన లేచి కూర్చుంటాడు. ప్రొద్దుటూరు పిల్లలందరూ దానికోసమే వస్తున్నారు. రంగడు కర్ర తీసుకోలేదు. కుంభకర్ణుడి చెవి దగ్గరికి పోయి, అందరి వైపు తిరిగి, మూతి మీద వేలు పెట్టుకున్నాడు.

"లేపొద్దండి. పండుకోనీండి."

అందరూ నవ్వారు. రాజుపాలెం నుంచి వచ్చిన ఒక పిల్లవాడు వినకుండా తప్పెట కొట్టేసరికి వీడు పోయి వాడి చెయ్యి కొరికాడు. వాళ్ళమ్మకు నేను చెప్పుకోవలసినవన్నీ చెప్పుకుని, శనక్కాయల పొట్లం మొత్తం ఇచ్చి బయటపడ్డాను.

సంచిలో నువ్వు పెట్టిన చలిచొక్కాలు బీరువాలో పెట్టాను. దసరా అయినాక పంపమన్నావు గదా, చలికి ఇంకా చాలా రోజులుంది. తొందరలో పెట్టి ఉంటావులే.

మరిదిని అడిగానని చెప్పు.

నీ అక్క,
పెద్దసుబ్బమ్మ


పులివెందుల,
జైనబ్ గాజుల అంగడి,
1 అక్టోబరు

అక్కా,

నీ ఉత్తరం నాకు విప్పి ఇచ్చారు. మా ఊరికి వచ్చే ఉత్తరాలన్నీ పోస్టుమ్యాను మా పార్టీ పెద్దాయన ఇంటి అరుగు మీద పెట్టి పోతాడు. అక్కడ ఎవరో ఒకరు విప్పి అందరికీ వినిపించి, తర్వాత ఎవరిది వాళ్ళకు ఇస్తారు. ఊళ్ళో ఇది ఎప్పటినుంచో ఉన్నదే, తప్పని ఎవరూ అనుకోరు. నీ కుంభకర్ణుడి ముచ్చటకు అరుగంతా నవ్విందట.

ఇకమీద జైనబ్ అంగడికి రాయి. జమ్మలమడుగు బడిలో నా పక్కన కూర్చునేది, నీకు గుర్తుండే ఉంటుంది. గాజులు మార్చుకునే సాకుతో వస్తాను. "వారానికొక డజను మార్చేదాన్ని లింగాల మండలం మొత్తానికి నిన్నే చూస్తాండా" అని ఇప్పుడే ఎగతాళి చేసింది.

రంగడు కొరికినందుకు సిగ్గుగా ఉంది. వాడికి ఆ అలవాటు ఇంట్లోనే అయింది. ఇప్పుడు మా వైపు మోటార్లకు రాత్రి కరెంటు ఇస్తున్నారు. పెద్దాయన చీనీ తోటకు నీళ్ళు కట్టడానికి మీ మరిది రాత్రంతా అక్కడే ఉండి పగలు నిద్రపోతాడు. పిల్లలు అల్లరి చేస్తే, నాయనను లేపొద్దని నేనే మూతి మీద వేలు పెట్టి చూపించేదాన్ని. అంతే అక్కా, ఇంకేం లేదు.

చలిచొక్కాలు తొందరలోనే పెట్టాను.

దసరా అయినాక కూడా ఎగ్జిబిషను ఉంటుందా? ఉంటే పిల్లలను ఇంకొన్నాళ్ళు అక్కడే ఉంచుకోగలవా?

చిన్నసుబ్బు


ప్రొద్దుటూరు,
6 అక్టోబరు

చిన్నమ్మీ,

ఎగ్జిబిషను కార్తీకం దాకా ఉంటుంది. పిల్లలు అంతకంటే ఎక్కువ రోజులున్నా నాకు సంతోషమే.

ఇప్పుడు మేము రోజు మార్చి రోజు పోతున్నాం. నా పద్ధతిని పిల్లలకు తగ్గట్టు దిద్దుకున్నాను. ముందు వెనక తలుపు చూడాలి, తర్వాత సురస నోరు. చిన్న రైలెక్కితే తిరుపాలుకు చివరి పెట్టెలోనే, వెనక్కి తిరిగే కూర్చోవాలి. ముందు కూర్చుంటే ఇంజను కనిపిస్తుంది గదా అంటే, "వెనక ఎవరొస్తాండారో కనపడదు గదా" అంటుంది. ఇప్పుడు నేనూ వెనక్కి తిరిగే కూర్చుంటున్నాను. మెడ పట్టేసింది.

మహబూబ్ బాషా మైకులో కథ చెబుతుంటే వీళ్ళు మధ్యలో అడ్డుపడతారు. రంగడు అడిగిన మొదటి ప్రశ్న, "రాముడిది ఏ పార్టీ?" అని. తిరుపాలు తమ్ముడికి విడమరిచి చెప్పింది. రాముడిదొక పార్టీ అట, రావణుడిదొక పార్టీ అట, విభీషణుడు ముందు ఇందులో ఉండి తర్వాత అందులోకి పోయినాడట. బాషా మైకు ఆపి నవ్వాడు. రంగడు మాత్రం నవ్వలేదు.

"మరి ఈయప్పది ఏ పార్టీ?" అని కుంభకర్ణుణ్ణి చూపించాడు.

"ఈయప్పకు పార్టీ ఏంది నాయనా," అన్నాడు బాషా. "అన్న లేపితే లేసినాడు, పొమ్మంటే పోయినాడు."

ఆ గది తర్వాత యుద్ధం గది. అందులో కుంభకర్ణుడు తల తెగి పడి ఉంటాడు. రంగడు ఆ గదిలోకి ఒక్కసారి తొంగి చూశాడు, అంతే. అప్పటినుంచి వెనక తలుపు గుండా చుట్టు తిరిగి వస్తున్నాడు.

చిన్నమ్మీ, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఈ నెలంతా లింగాల వైపు మోటార్లకు పగటి కరెంటే. ఏ ఊరికి ఏ వేళ అని రాసి ఆఫీసు గోడకు తగిలించేది మీ బావే. నీ ఉత్తరం చదివి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

నిన్న రంగడి తలకు నూనె రాస్తూ, నాయనను ఎవరు లేపుతారని అడిగాను. "జీపోళ్ళు. వాకిట్లో హారను కొడతారు. అమ్మ బువ్వ తినిపొమ్మంటాది. నాయన తినకుండానే పోతాడు" అన్నాడు.

నువ్వు చెప్పకపోయినా పిల్లలను చూసుకుంటాను. కానీ దేన్నుంచి కాపాడాలో తెలియకుండా ఎట్లా కాపాడేది? జైనబ్ అంగడిలో కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ అక్క


పులివెందుల,
11 అక్టోబరు

అక్కా,

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. అడగకపోయినా ఎన్నాళ్ళు దాచగలిగేదాన్నో తెలియదు.

ఎండాకాలంలో పంచాయతీ ఎన్నికలైనాక మా వాళ్ళు అవతలి పార్టీ మనిషిని దారికాచి కొట్టారు. అతని చెయ్యి పోయింది. ఆ రోజు మీ మరిది అక్కడ లేడు, అప్పటికి మిగిలిన నాలుగు గొర్రెల దగ్గర ఉన్నాడు, నా మాట నమ్ము. కానీ ఇప్పుడు అవతలివాళ్ళు అదను కోసం చూస్తున్నారు. పెద్దాయన వాకిలికి రాత్రి కాపలా ఆయనే. పగలు జీపు కదిలితే పెద్దాయన పక్కన కూర్చునేదీ ఆయనే. తగిలితే ముందు తగిలేది ఎవరికో నీకు వేరే చెప్పాలా?

ఎందుకు పోతావని అడిగితే ఒకటే మాట. కరువు ఏడు మా మందకు గడ్డి లేకపోతే పెద్దాయన తన పొలంలో మేపుకోనిచ్చాడు. ఆ గడ్డి తిన్న జీవాల్లో ఇప్పుడు ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ మాట మాత్రం మా ఇంట్లో అట్లాగే ఉంది. "ఆయన అన్న లాంటోడు, పిలిస్తే పోవాల" అంటాడు. నీ ఉత్తరంలో కుంభకర్ణుడి గురించి బాషా అన్న మాట దగ్గరే ఆగి మళ్ళీ మళ్ళీ చదివాను.

ఇంకొకటి. చలిచొక్కాల ముచ్చట కూడా అరుగు మీద చదివారు గదా. పిల్లలను దసరాకు పంపలేదని, దాటించానని పెద్దాయనకు అర్థమైపోయింది. అందరి ముందూ మీ మరిదితో, "పిల్లోళ్ళను ఊరు దాటించినావంటే నువ్వు గూడ దాటను చూస్తాండావనే గదా కాటమయ్యా" అన్నాడట. మా దగ్గర అంతే అక్కా. ఎవరి పిల్లలు ఊళ్ళో ఉంటే వాళ్ళే నమ్మకమైనవాళ్ళు.

అందుకని శనివారం ఆయన పిల్లలను తీసుకురావడానికి వస్తున్నాడు, పెద్దాయన జీపులోనే. వద్దని ఎదురు చెబితే మొండికేస్తాడు. నువ్వు గట్టిగా మాట్లాడొద్దు. ఒక్కపూట ఎట్లాగైనా ఆపు. తర్వాత ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. పిల్లలు మాత్రం ఆ జీపు ఎక్కకూడదు.

చిన్నసుబ్బు


ప్రొద్దుటూరు,
15 అక్టోబరు

చిన్నమ్మీ,

పిల్లలు నా దగ్గరే ఉన్నారు. మిగతాది నిదానంగా చదువు.

మరిది శనివారం మధ్యాహ్నం వచ్చాడు. నేను ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. "సాయంత్రం ఎగ్జిబిషను చూపిస్తానని పిల్లలకు మాటిచ్చాను, అది చూసుకుని తీసుకుపో" అన్నాను. డ్రైవరు గొణిగితే మీ బావ అతన్ని భుజం మీద చెయ్యేసి మొదటి ఆటకు తీసుకుపోయాడు. పెళ్ళయినప్పటినుంచి నన్ను సినిమాకు పిలవని మనిషి, జీపు డ్రైవరుతో పోయి కూర్చున్నాడు.

మరిది అంత పొడుగు మనిషి వంగి సురస నోట్లో దూరుతుంటే తిరుపాలు ఆపింది. ముందు వెనక తలుపు చూపించింది. "ఇదీ దోవ నాయనా, గుర్తు పెట్టుకో" అంది. మరిది దాని ముఖం చూసి తలూపాడు.

కుంభకర్ణుడి గదిలో పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. తప్పెటలు మొదలయ్యాయి. ఈసారి రంగడు ఎవరినీ కొరకలేదు. పోయి తన రెండు అరచేతులతో కుంభకర్ణుడి చెవి మూశాడు. ఆ చెవి వాడంత ఉంది. అయినా ఆయన లేచి కూర్చున్నాడు, పిల్లలు కేరింతలు కొట్టారు, బాషా మైకులో కథ చెప్పాడు. అన్న చేసింది తప్పని ఆయనకు తెలుసు, చెప్పాడు కూడా, అయినా లేపారు కాబట్టి యుద్ధానికి పోయాడని.

మరిది అందరితోపాటు పక్క గది వైపు నడిచాడు. రంగడు పంచె పట్టుకుని లాగాడు.

"ఆడికి వద్దు నాయనా."

"ఎందుకురా?"

"ఆడ సంపుంటారు. లేపకపోతే సావడు."

మరిది వెనక్కి తిరిగాడు. వాణ్ణి ఎత్తుకుని, తిరుపాలు చూపించిన తలుపు గుండానే బయటికి వచ్చాడు. మురుకుల అంగడి పక్కన బల్ల ఉంటే దాని మీద కూర్చున్నాడు. నేను శనక్కాయలు ఒలిచేలోపల గోడకు తల ఆనించి నిద్రపోయాడు. ఎన్ని రోజుల నిద్రో, అంత గోలలో కూడా కదల్లేదు. రంగడు ముందు నిలబడి కాపలా కాశాడు. బూరలు అమ్మేవాడు వస్తే మూతి మీద వేలు పెట్టి చూపించాడు. చిన్న రైలు నడిపేవాడి దగ్గరికి పోయి కూత పెట్టొద్దని చెప్పాడు. అతను నిజంగానే పెట్టలేదు, మా రైలు ఆ సాయంత్రమంతా మూగగా తిరిగింది.

లైట్లు వేశాక లేచి, "ఎంతసేపు పండుకుంటి వదినా?" అన్నాడు. "నీ కొడుకు ఎవరినీ లేపనీలేదు" అన్నాను.

ఇంటికొచ్చాక డ్రైవరుతో, పిల్లోళ్ళకు ఒళ్ళు వెచ్చగా ఉండాది, తర్వాత చూద్దాం పదప్పా అని జీపెక్కాడు. అన్నం వడ్డించి ఉంది, తిని పొమ్మన్నాను. "జీపు నిలబడిండాది వదినా" అన్నాడు. ఆ కంచం అట్లాగే ఉండిపోయింది. నాకు అదొక్కటే దిగులు.

ఇప్పుడు ఆయన నీ దగ్గర ఉన్నాడు. ఇక్కడ చేయగలిగింది చేశాను. మన నాయనకు మోకాళ్ళ నొప్పులతో మంద వెంట తిరగడం కుదరడం లేదని, నమ్మకమైన మనిషి కావాలని మొన్న కూడా కబురు పెట్టాడు. ఈ సంగతి నీకు ఊరికే రాస్తున్నాను.

నీ అక్క


జమ్మలమడుగు,
27 అక్టోబరు

అక్కా,

పైన ఊరి పేరు చూసి నువ్వు నాయనకు ఏమైందోనని కంగారు పడతావు. నాయన బాగున్నాడు. మేమే వచ్చాం, ఇద్దరమూ.

దీపావళికి రెండు రోజుల ముందు మధ్యాహ్నం జీపు వచ్చింది. హారను కొట్టారు. ఆయన మేలుకునే ఉన్నాడు. మంచం మీద కళ్ళు తెరిచి కప్పు వైపు చూస్తున్నాడు. లేచి చొక్కా తొడుక్కుంటాడని చూశాను. లేవలేదు, పొమ్మనీ చెప్పలేదు. నాకు ఏం తోచిందో, పోయి వాకిట్లో నిలబడ్డాను. నా మూతి మీదికి వేలు దానంతట అదే పోయింది.

"పండుకోండాడు. లేపేది లేదు."

"పెద్దాయన రమ్మన్నాడక్కా," అన్నాడు డ్రైవరు.

"ఆయప్పకు గూడ ఇదే చెప్పు."

మళ్ళీ హారను కొట్టాడు, ఆగకుండా. ఇరుగుపొరుగు బయటికి వచ్చారు. లోపల ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. జీపు వెనక్కి తిప్పుకుని పోయింది. దుమ్ము అణిగేదాకా నేను వాకిట్లోనే ఉన్నాను. లోపలికి పోతే ఆయన లేచి కూర్చుని, "బువ్వ పెట్టు" అన్నాడు. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు అక్కా. నీ కంచం దిగులు తీరిందా?

తర్వాత కాపలాకని ఇచ్చిన బ్యాటరీ లైటూ కర్రా తీసుకుని, వెలుతురు ఉండగానే ఒక్కడే పెద్దాయన ఇంటికి పోయాడు. తిరిగి వచ్చేదాకా నేను తులసికోట దగ్గరే కూర్చున్నాను. పెద్దాయన అరుగు మీద అందరి ముందూ, "ఏ పార్టీలోకి పోతాండావు?" అని అడిగాడట. ఈయన, "గొర్రెల పార్టీలోకి అన్నా. మా మామ మందకు మనిషి లేడు, జమ్మలమడుగు పోతాండా" అన్నాడట. ఎవరో నవ్వారట. పెద్దాయన నవ్వలేదు. "పో. ఊర్లో ఇల్లు ఉండాదనేది మర్చిపో" అన్నాడట.

మర్చిపోతాం. గిన్నెలు మూటగట్టుకుని పట్టపగలే బస్సెక్కాం. జైనబ్ బస్టాండుకు వచ్చి చేతినిండా గాజులు తొడిగి, "ఇవన్నా ఒక నెల ఉంచుకో" అంది.

ఇప్పుడు ఆయన మంద తోలుకుని పెన్న వైపు పోతున్నాడు. పగలు మేలుకుని రాత్రి నిద్రపోతున్నాడు. పెళ్ళయినాక ఇది నాకు కొత్త. భయం పూర్తిగా పోయిందని చెప్పను. జీపు చప్పుడైతే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం. పిల్లలు ఇంకొన్నాళ్ళు నీ దగ్గరే ఉండనీ. ఎగ్జిబిషను అయిపోయేలోపల వాళ్ళ నాయన వచ్చి చూసిపోతాడు, ఈసారి బస్సులో.

చిన్నసుబ్బు


ప్రొద్దుటూరు,
20 నవంబరు

చిన్నమ్మీ,

మరిది నిన్న వచ్చాడు, నువ్వు పంపిన నెయ్యి అందింది. పిల్లలు చలిచొక్కాలు వేసుకుంటున్నారు. తొందరలో పెట్టినా సరిగ్గానే పెట్టావు.

ముందు ఒక వార్త. మీ పెద్దాయన అవతలి పార్టీలో చేరిపోయాడు. ఇద్దరూ దండలు వేసుకుని కౌగిలించుకున్న ఫోటో పేపర్లో పడింది. తిరుపాలు చూసి గుర్తుపట్టి, "పెద్దమ్మా, ఈయప్ప విభీషణుడా?" అంది. మీ బావ పేపరు మడిచి, "విభీషణుణ్ణి అంత మాట అనొద్దు తల్లీ" అన్నాడు. మరిది ఆ ఫోటో చాలాసేపు చూశాడు. జీపులో ఆయన పక్క సీటు ఎవరిదో ఇప్పుడు అని మాత్రం అన్నాడు.

నిన్ననే ఎగ్జిబిషనుకు చివరి రోజు. గుహుడి పడవ అప్పటికే విప్పేశారు, లేడి తీగ మీదినుంచి దిగిపోయింది. జనం లేరు. మహబూబ్ బాషా మా కోసమే కుంభకర్ణుడి మోటారు తీయకుండా ఉంచాడు. తిరుపాలు వెనక తలుపు సంగతి మర్చిపోయి నేరుగా సురస నోట్లోకి పరుగెత్తింది. అది దానికి తెలియదు, నేను చూశాను.

కుంభకర్ణుడు గురక పెడుతున్నాడు. బాషా అలవాటుగా తప్పెట రంగడి ముందు పెట్టి, వాడు తీసుకోడని తెలిసి మళ్ళీ తీసేయబోయాడు. రంగడు దాని మీద చెయ్యి వేశాడు. నాయన వైపు చూశాడు.

"లేపనా నాయనా?"

మరిది వాడి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "లేపు. యాడికీ పోడులే."

రంగడు కొట్టాడు. మొదట మెల్లగా, తర్వాత రెండు చేతులతో. తిరుపాలు ఇంకో తప్పెట అందుకుంది. చివరికి నా చేతికి కూడా ఒక కర్ర ఇచ్చారు, నేనూ కొట్టాను, ఈ వయసులో. కుంభకర్ణుడు కిర్రుమంటూ లేచి కూర్చున్నాడు. బాషా మైకు పట్టుకోలేదు, యుద్ధం కథ చెప్పలేదు.

రంగడు నా చేతిసంచిలోంచి శనక్కాయల పొట్లం తీసుకుపోయి ఆయన ఒడిలో పెట్టాడు.

"బువ్వ తిని మల్ల పండుకో" అన్నాడు.

నీ అక్క,
పెద్దసుబ్బమ్మ